కృతి ఎవరికిచ్చారు? ఓరుగల్లు నుంచి ఇందూరు దాకా

జనగామ జిల్లాలో పాలకుర్తి మండలం ఒక్కటి తిరిగితే చాలు, తెలుగు సాహిత్యంలో ఏడు వందల ఏళ్ళు కళ్ళముందుకి వస్తాయి. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడిది పాలకుర్తి. భాగవతం తెలుగు చేసిన బమ్మెర పోతనది అదే మండలంలోని బమ్మెర. 'అంపశయ్య' నవలతో ఇంటిపేరే మారిపోయిన నవీన్‌ది పక్కనే వావిలాల. ఇవన్నీ ఎప్పటినుంచో తెలిసిన విషయాలే, పాఠ్యపుస్తకాల్లో కవి పరిచయం కింద చదువుకున్నవే, కానీ ఆ ఊళ్ళు హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరుకునేంత దగ్గర్లో ఉన్నాయన్న సంగతి నా బుర్రకి ఎందుకో ఎక్కలేదు. ఈ జనవరి చివర్లో సెలవులు కుదిరాయి, వరంగల్‌తో మొదలుపెట్టి నిజామాబాద్ దాకా వెళ్ళొచ్చాను.

హనుమకొండలో మా మేనమామ ఉంటాడు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. కాజీపేటలో రైలు దిగగానే బండి మీద ఇంటికి తీసుకెళ్ళాడు, జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటూ నా ప్లాన్ అంతా చెప్పాను. అంతా విని ఒకే మాటన్నాడు: "ఏ పుస్తకం చేతిల పట్టినా ముందు ఒకటి జూడాలె బిడ్డా, గది ఎవలికిచ్చిండని. కవి సంగతి సగం ఆడ్నే తెలుస్తది."

పాతకాలంలో కావ్యం రాసిన కవి దాన్ని ఎవరికో ఒకరికి అంకితమివ్వాలి. రాజుకిస్తే అగ్రహారాలు, ఏనుగులు, కనకాభిషేకాలు. దేవుడికిస్తే పుణ్యం. మామ ఆ మాట అన్నాక, ఎక్కడికి వెళ్ళినా నా ఆలోచన దాని చుట్టూనే తిరిగింది, అందుకే ఇది చూసిన ఊళ్ళ జాబితాలా కాకుండా కొంచెం అటూ ఇటూ పోతుంది.

మొదట వరంగల్ కోట. కోట గురించి అందరూ కాకతీయుల కీర్తి తోరణాలు చెప్తారు, స్వయంభూ దేవాలయం శిథిలాలు చెప్తారు. నేను చేతిలో 'క్రీడాభిరామం' పట్టుకుని వెళ్ళాను. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న చిన్న పుస్తకం, శ్రీనాథుడే రాశాడని వాదించేవాళ్ళూ ఉన్నారు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన 'ప్రేమాభిరామం' దానికి మూలం. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అని ఇద్దరు స్నేహితులు పొద్దున్నుంచి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు, కనబడిందల్లా చెప్పుకుంటారు, అంతే. కోడిపందేలు చూస్తారు, పలనాటి వీరుల కథ పాడే ఆమె దగ్గర ఆగుతారు, ఏకవీర గుడి చూస్తారు. ఆకలేస్తే లక్ష్మణవజ్ఝల వారి పూటకూళ్ళ ఇంట్లో భోజనం గురించి పద్యం: కర్పూరభోగి బియ్యంతో అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు, ఇదంతా ఒక్క రూకకు! మధ్యయుగపు తెలుగు నగరంలో మామూలు మనుషులు ఏం తిన్నారో, దేనికి నవ్వారో, ఏ వీధిలో ఎవరుండేవారో తెలియాలంటే శాసనాల కన్నా నాకు ఈ పుస్తకమే ఎక్కువ చెప్పింది. శాసనాలు దానాల లెక్క చెప్తాయి, పూటకూళ్ళమ్మ పెట్టిన పప్పు గురించి చెప్పవు కదా.

తోరణాల మధ్య విరిగిన నందులు, కమలాలు చెక్కిన రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ రాళ్ళ పక్కన కూర్చుని ఆ పద్యం పైకి చదివాను. కాలేజీ పిల్లలు ఇద్దరు ఫొటోలు దిగుతున్నవాళ్ళు ఆగి, "అక్కా, ఇది మన వరంగల్ గురించేనా?" అని అడిగారు. అవునంటే పద్యాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

కోటలోనే ఏకశిల గుట్ట ఉంది, ఊరికి ఏకశిలానగరం అన్న పేరు దాని వల్లే. ఈ పేరు చుట్టూ పెద్ద గొడవే ఉంది, దాని దగ్గరికి బమ్మెరలో వస్తాను. ఇక్కడ మాత్రం ఇంకో సంగతి చెప్పాలి. 1944లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఓరుగల్లు కోటలో పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కోసం సభ పెట్టడమే అప్పుడు సాహసం. సభ కోసం వేసిన పందిళ్ళని తగులబెట్టారు. అయినా కవి సమ్మేళనం ఆపలేదు, అక్కడే పద్యాలు చదివారు. చదివినవాళ్ళలో అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండని దాశరథి కృష్ణమాచార్య ఉన్నాడు. కాలిన పందిరి వాసన ఇంకా పోకముందే నిలబడి పద్యం చదవడానికి ఆ వయసులో ఎంత గుండె ఉండాలో!

సాయంత్రం వేయి స్తంభాల గుడి. 1163 నాటి రుద్రదేవుడి శాసనం అక్కడే ఉంది, దాన్ని రాసిన కవి పేరు అచింతేంద్రుడు. సంస్కృత శ్లోకాలు, రాజు గెలిచిన యుద్ధాలు, రాజు కట్టించిన గుడి. గుడికొచ్చేవాళ్ళు దాని పక్కనుంచే దర్శనానికి వెళ్ళిపోతున్నారు. "ఇది రాజుకిచ్చింది" అన్నాడు మామ, ఇంకేమీ చెప్పకుండా.

మర్నాడు పొద్దున వరంగల్ సెంట్రల్ జైలు ఉండిన చోటు చూపించాడు. నిజాం కాలంలో దాశరథిని మొదట ఆ జైల్లోనే పెట్టారు. 2021లో జైలుని ఖాళీ చేయించి కూల్చేశారు, ఆ స్థలంలో ఇరవై అంతస్తులు దాటిన పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. ఆసుపత్రి కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఎంతమంది కవులు, ఎంతమంది ఉద్యమకారులు ఆ గోడల మధ్య ఉన్నారో చెప్పే ఒక్క గదిని, పోనీ ఒక్క గోడని ఉంచి ఉంటే బావుండేది.

హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం మాత్రం కొత్తగా, పెద్దగా ఉంది. 2024 నవంబర్‌లో ప్రారంభమైంది. కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబర్ 9న పుట్టింది బీజాపూర్ జిల్లా రట్టిహళ్ళిలో, అంటే కన్నడ నేల మీద. పెరిగింది మడికొండలో. అన్న రామేశ్వరరావు 'షాద్' పేరుతో ఉర్దూలో కవిత్వం రాసేవాడు. ఒకే ఇంట్లో అన్న ఉర్దూ కవి, తమ్ముడు తెలుగు కవి. తమ్ముడు రాసిందంతా కలిపి 'నా గొడవ' అన్నాడు. 1953లో అలంపురం సభల్లో శ్రీశ్రీ దాన్ని ఆవిష్కరించాడు. బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్నాడు, అలాగే రాశాడు, అలాగే మాట్లాడాడు. జయప్రకాశ్ నారాయణ్ గురించి ఆయన రాసిన "పుటుక నీది, చావు నీది, బతుకంతా దేశానిది" అన్న మాట ఇప్పుడు తెలంగాణలో ఎవరు పోయినా ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది. కాళోజీకి మాత్రం అది పూర్తిగా సరిపోతుంది. 2002 నవంబర్‌లో పోయినప్పుడు ఆయన శరీరాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మామ ఆ విషయం చెప్తూ, "చూసినవా, ఆఖరికి గది గూడ పిలగాండ్లకే ఇచ్చిండు" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

అక్కడినుంచి కారు మాట్లాడుకుని పాలకుర్తి బయల్దేరాం. కాజీపేట దాటగానే మడికొండ, మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుడి గుడి, తర్వాత స్టేషన్ ఘన్‌పూర్, అక్కడినుంచి ఎడమకి తిరిగితే రోడ్డుకి రెండు వైపులా యాసంగి నాట్లు. దుక్కి బురద, నారు కట్టలు, వంగి నాటే ఆడవాళ్ళు, గట్టు మీద ఫోన్‌లో పాటలు.

పాలకుర్తిలో గుట్ట మీద సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుడి. ఈ కొండ మీది దేవుడి పేరే పెట్టుకుని పెరిగిన పిల్లాడు 13వ శతాబ్దంలో తెలుగు కవిత్వాన్ని అటునుంచి ఇటు తిప్పేశాడు. అప్పటికి తెలుగులో గొప్ప కావ్యమంటే నన్నయ్య బాట: సంస్కృత వృత్తాలు, సంస్కృత సమాసాలు, రాజసభ. సోమన ఆ దారి వదిలేసి ద్విపద పట్టుకున్నాడు. రెండు పాదాల దేశి ఛందస్సు, పాడుకోవచ్చు, గుర్తుంచుకోవచ్చు. ఎందుకో బసవపురాణంలో తనే చెప్పాడు:

"ఉరుతర గద్య పద్యోక్తుల కంటె
సరసమై పరగిన జాను తెనుంగు
చర్చింపగా సర్వసామాన్యమగుట
కూర్చెద ద్విపదలు కోర్కి దైవార"

నాకు అందులో 'సర్వసామాన్యమగుట' దగ్గర ప్రతిసారీ ఆగాలనిపిస్తుంది. అందరికీ చెందినది కాబట్టి ఈ తెలుగులో రాస్తున్నానంటున్నాడు. ఏడు వందల ఏళ్ళ కింద! ఆయన కథల్లో మనుషులు కూడా అలాంటివాళ్ళే. బట్టలుతికే మడివాలు మాచయ్య, వేటాడే కన్నప్ప, గిన్నెలో పాలు తీసుకెళ్ళి తాగు తాగు అని శివుణ్ణి బతిమాలే చిన్నపిల్ల గొడగూచి. అందరిలో నాకు ఇష్టమైంది బెజ్జ మహాదేవి. శివుడికి తల్లి లేదని ఆమెకి దిగులు పుడుతుంది. "తల్లి గల్గిన నేల తపసి గానిచ్చు, తల్లి గల్గిన నేల తల జడల్ గట్టు" అని బాధపడుతుంది. అమ్మ ఉండి ఉంటే ఈ పిల్లాణ్ణి సన్యాసి కానిచ్చేదా, జుట్టు ఇలా జడలు కట్టనిచ్చేదా, విషం తాగనిచ్చేదా అని. ఇక తనే శివుడికి తల్లయిపోతుంది, స్నానం పోస్తుంది, కాటుక పెడుతుంది. దేవుణ్ణి చూసి జాలిపడే భక్తురాలు నాకు ఇంకే కావ్యంలోనూ ఇంత సహజంగా కనబడలేదు.

గుట్ట దిగాక మామ ఒక పొలం గట్టు మీద నాట్లేసే ఆడవాళ్ళ దగ్గర కారాపించాడు. పండితారాధ్య చరిత్రలో సోమన తన కాలంలో జనం పాడుకునే పాటల పేర్లన్నీ వరసగా చెప్పాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. పర్వత ప్రకరణంలోనైతే శ్రీశైలం జాతరలో ఆడే ఆటలు, మోగే వాద్యాలు, బొమ్మలాటలు అన్నీ. "అమ్మా, తుమ్మెద పాట ఏదన్న వస్తదా?" అని మామ అడిగితే వాళ్ళు ముందు సిగ్గుపడి, తర్వాత ఒకామె ఎత్తుకుంది, మిగతావాళ్ళు 'తుమ్మెదా' అని అందుకున్నారు. అత్తింటి కష్టాల పాట. మూడు చరణాలు పాడి, "ఇగ పోండ్రి, పని ఒడువాలె" అన్నారు.

పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ విగ్రహం కూడా చూడకుండా రాలేం. చాకలి ఐలమ్మ అంటేనే అందరికీ తెలుసు. ఆమె కవయిత్రి కాదు, కానీ ఈ యాత్రలో ఆమెని వదిలేస్తే సగం అర్థం పోతుంది. కౌలుకి తీసుకున్న భూమిలో పండించిన పంటని విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు తీసుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళ అండతో ఆ వడ్లని తన ఇంటికే చేర్చుకుంది. బసవపురాణంలో మాచయ్య కులవృత్తి, ఈమె కులవృత్తి ఒకటే. ఈ పోలిక ఎవరైనా ఇంతకుముందు చెప్పారో లేదో గానీ, ఆ గుట్ట కిందనే ఆ విగ్రహం చూసినప్పుడు నాకు అదే తట్టింది.

వావిలాల మీదుగా వెళ్ళాం గానీ అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు, అతని బుర్రలో నడిచే ఆలోచనలు, అంతే నవల. పల్లెనుంచి వచ్చిన పేద విద్యార్థి డబ్బుల టెన్షన్, పరీక్షల టెన్షన్, చిన్నప్పటి భయాలు. ఈ ఊరి రోడ్డు చూశాక రవి ఎక్కడినుంచి ఆ హాస్టల్‌కి వెళ్ళాడో కొంచెం కంటికి కట్టింది.

ఇక బమ్మెర. పెద్ద ఊరేం కాదు. పోతన విగ్రహం ఉంది, ఆయన సమాధి అని ఊరివాళ్ళు చూపించే చోటుంది, ఆయన దున్నిన పొలం ఇదే, ఈ బావి నీళ్ళే పారించాడు అని చెప్తారు. ఆధారాలు అడిగే చోటు కాదది. నేనూ అడగలేదు. పొలంలో ఇప్పటికీ వరి పండుతోంది.

పోతన పద్యం రాని తెలుగు ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. చదువు రాని మా నానమ్మకి కూడా "ఎవ్వనిచే జనించు జగము" వచ్చు, "సిరికిం జెప్పడు" వచ్చు. గజేంద్రుడు నీళ్ళలో మొసలి నోట చిక్కి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు చూడండి, భక్తి కావ్యంలో అంత నిఖార్సైన సందేహం పెట్టడానికి ఎంత నమ్మకం ఉండాలి! లోతుగా నమ్మినవాడే అంత ధైర్యంగా అడగగలడని నా అభిప్రాయం. "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల" దాకా రాసి పద్యం ముందుకి సాగక పోతన లేచి వెళ్తే, రాముడే ఆయన రూపంలో వచ్చి పూర్తి చేశాడన్న కథ మామ విగ్రహం ముందు నిలబడి చెప్పాడు. నాకు తెలిసిన కథే, అయినా అక్కడ వినడం వేరు.

మామ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది.

"ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్
సొమ్ములు గొన్ని పుచ్చుకొని చొక్కి శరీరము వాసి కాలుచే
సమ్మెట పోటులం బడక సమ్మతితో హరి కిచ్చి చెప్పె నీ
బమ్మెర పోతరాజొకడు భాగవతంబు జగద్ధితంబుగన్"

రాజుల్ని 'మనుజేశ్వరాధములు' అనేశాడు. ఊళ్ళు, వాహనాలు, కొంచెం సొమ్ము తీసుకుని చచ్చాక యముడి సమ్మెట దెబ్బలు తినడం నాకొద్దు, హరికే ఇస్తాను, లోకం మేలు కోసం ఇస్తాను అని. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతం తనకి అంకితమివ్వమంటే పోతన ఒప్పుకోలేదని, కోపంతో రాజు ఆ తాళపత్రాల్ని పాతిపెట్టించాడని, కొన్ని స్కంధాలు చెదపురుగుల పాలయ్యాయని కథ. నిజమో కాదో గానీ, ఐదో స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండు పన్నెండు వెలిగందల నారయ పూర్తి చేసిన మాట మాత్రం నిజం. ఇంకో సంగతి కూడా ఉంది. అదే సింగభూపాలుడి ప్రియురాలైన భోగిని మీద 'భోగినీ దండకం' పోతన పేరునే ఉంది. అది ఆయనది కాదనే పండితులున్నారు. నాకైతే ఆయనదే అనిపిస్తుంది, అనిపించడమే కాదు, అయి ఉంటే బావుండనిపిస్తుంది. వయసులో ఉండగా రాజు కోసం రాసి, ఆ సభ ఎలా ఉంటుందో చూసి, ఆ తర్వాత 'నాకొద్దు' అన్నవాడి మాటకి బరువెక్కువ. మామ ఒప్పుకోలేదు. "పోతన అసొంటియి రాయడు బిడ్డా" అన్నాడు, ఆ వాదన కారులో వల్మిడి దాకా సాగింది.

ఒంటిమిట్ట సంగతి చెప్పాలి. పోతన తనది ఏకశిలానగరం అన్నాడు. కడప జిల్లా ఒంటిమిట్టే ఆ ఏకశిలానగరమని అక్కడివాళ్ళ నమ్మకం, కోదండరామాలయంలో పోతన విగ్రహం కూడా ఉంది. ఏకశిల గుట్ట చూసి, బమ్మెర అన్న ఇంటిపేరు ఊరు చూసి వచ్చాక నాకు ఓరుగల్లు పక్షమే బలంగా కనిపిస్తోంది. కానీ ఒంటిమిట్ట గుడిలో పోతన పేరు చెప్పి పద్యం పాడుకునేవాళ్ళతో పోట్లాడాలని మాత్రం లేదు. బలి చక్రవర్తి చేత "కారే రాజులు, రాజ్యముల్ గలుగవే" అనిపించిన కవిని ఏ జిల్లా సరిహద్దులో కట్టేస్తాం?

వల్మిడిలో గుట్ట మీద రామాలయం చూసి, చీకటి పడేలోపు హనుమకొండ చేరాం. వాల్మీకి ఇక్కడే తపస్సు చేశాడంటారు. రామాయణ కవి, రామభక్త కవి ఒకే మండలంలో ఇరుగుపొరుగు ఊళ్ళలో ఉన్నారని నమ్మడం ఆ ఊళ్ళకి ఎంత సంతోషమో మాట్లాడితే తెలుస్తుంది.

మామ మోకాళ్ళు ఇక సహకరించేలా లేవు. అక్కడినుంచి ఒక్కదాన్నే బస్సెక్కి కరీంనగర్, అక్కడినుంచి జగిత్యాల రోడ్డులో గంగాధర మండలం కురిక్యాల. ఊరి దగ్గర బొమ్మలగుట్ట. పెద్ద పెద్ద బండలు, పైకి ఎక్కే దారి ఇరుకు, ఎండెక్కకముందే వెళ్ళాలి, నీళ్ళ సీసా తప్పనిసరి. పైన బండ మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరీ దేవి, వాళ్ళ కింద శాసనం. క్రీ.శ. 945 ప్రాంతపు శాసనం ఇది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. చివర్లో మూడు తెలుగు కంద పద్యాలు. నన్నయ్య భారతం కన్నా సుమారు వందేళ్ళు ముందటివి! తెలుగుకి ప్రాచీన హోదా కోసం పోరాడినప్పుడు ఈ బండని పెద్ద సాక్ష్యంగా చూపించారు. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. "జినవల్లభు బోలగలరె జినధర్మపరుల్" అని ఒక పద్యం ముగుస్తుంది. గుళ్ళు ఎత్తించడం, పూజలు చేయించడం, జైన మునులకి అన్నం పెట్టడం, వీటిలో జినవల్లభుణ్ణి మించినవాళ్ళున్నారా అని అర్థం.

ఎవరికిచ్చాడు అనే లెక్కలో చూస్తే, తన పేరు తనే చెక్కించుకున్నాడు. నాకు అది అతిశయంగా తోచలేదు. ఆ ఎండలో, ఆ బండ మీద, వేయేళ్ళ పైగా ఆ అక్షరాలు నిలవడం వల్లనే కదా మన కందం వయసు మనకి తెలిసింది. అదే శాసనంలో వేములవాడ చాళుక్యరాజు అరికేసరి పంపడికి ధర్మపుర అగ్రహారం ఇచ్చిన సంగతి కూడా ఉంది. పోతన వద్దన్న 'పురంబులు' ఇవే. పంపడు గొప్ప కావ్యమే రాశాడు, రాజు ఇచ్చింది తీసుకున్నాడు. రాజు దగ్గర తీసుకున్నంత మాత్రాన కవి తక్కువైపోడని బొమ్మలగుట్ట చెప్తుంది, ముందురోజు బమ్మెర చెప్పిందాన్ని నేను అంత తేలిగ్గా సూత్రం చేసుకోకుండా ఆపింది. గుట్ట చుట్టుపక్కల గ్రానైట్ తవ్వకాలు చూసి భయం వేసింది. ఈ బండకి రక్షణ గట్టిగా ఉండాలి, ఇది పోతే మళ్ళీ చెక్కుకోలేం.

జగిత్యాల, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ చేరేసరికి రాత్రి. పాత పేరు ఇందూరు. మర్నాడు ఖిల్లాకి వెళ్ళాను. గుట్ట మీద రఘునాథాలయం, ఆ కోటలోనే నిజాం కాలపు జైలు. ఇప్పుడక్కడ ఖైదీలు లేరు, జైలు ఊరవతలికి మారింది. వరంగల్ జైలు నుంచి దాశరథిని ఇక్కడికే తెచ్చారు. సాటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. వంటపని చేసి, ప్రూఫులు దిద్ది, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా పుస్తకాలు అమ్మిన మనిషి. 'ప్రజల మనిషి' నవల, 'జైలు లోపల' కథలు ఆయనవే. కాగితం, కలం లేని చోట దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అన్న మాట అలా నిజాం జైలు గోడ మీదికెక్కింది.

దాశరథి 1925 జులై 22న చిన్నగూడూరులో పుట్టాడు. వైష్ణవ పండితుల ఇల్లు, ఉర్దూ చదువు, గాలిబ్ మీద ప్రేమ. తర్వాత 'గాలిబ్ గీతాలు' ఆయనే తెలుగు చేశాడు. నాకు ఆశ్చర్యంగా ఉండేది ఏంటంటే, నిజాం మీద తిరగబడ్డ ఈ కుర్రాడు ఎంచుకున్నది పాత ఉత్పలమాలలు, చంపకమాలలే. సోమన జనం కోసం వృత్తాలు వదిలేశాడు, దాశరథి అదే జనం కోసం ఆ వృత్తాల్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. రైతు ఎముకలు నుసి చేసుకుని పొలాలు దున్ని నవాబు భోషాణాలు నింపాడని చెప్పి "తెలంగాణము రైతుదే" అంటాడు. ఆ పద్యాన్ని పైకి చదివి చూడండి, ఛందస్సు ఎక్కడా అడ్డురాదు, పైగా కోపానికి అదే ఊపు ఇస్తుంది. పాత జైలు గదుల దగ్గర నిలబడి చదివాను. అక్కడ పనిచేసే పెద్దాయన దగ్గరికొచ్చి, "మా సార్లు బడిల చెప్పేటోళ్ళు గిది" అని తర్వాతి పాదం తనే అందుకున్నాడు.

తర్వాత్తర్వాత, 1977 నుంచి 1983 దాకా, అదే దాశరథి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఆస్థానకవి అయ్యాడు. రాజుని తిట్టినవాడు ఆస్థానంలో చేరడమేంటని అడిగేవాళ్ళున్నారు. నాకైతే ఆ ప్రశ్నలో పస కనబడదు. వంశం వల్ల వచ్చిన గద్దె వేరు, జనం ఓటేసి పెట్టిన ప్రభుత్వం వేరు. పైగా ఎవరికిచ్చాడో చూడాలంటే ఆయన మొదటి పుస్తకం చూడాలి. 'అగ్నిధార' 1949లో వచ్చింది. జైలు నుంచి బయటికొచ్చి పేరు మారుమోగుతున్న కవి, ఆ పుస్తకం కోసం ఏ జమీందారైనా, ఏ మంత్రైనా ముందుకొచ్చేవాడు. దాశరథి దాన్ని వట్టికోట ఆళ్వారుస్వామికిచ్చాడు. జైల్లో పక్కనున్నవాడికి.

ఖిల్లా మెట్ల మీద నుంచే మామకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఆయనకి తెలుసు, అయినా నన్ను పూర్తిగా చెప్పనిచ్చాడు. చిన్నగూడూరు ఈసారి కుదరలేదని అంటే, వానాకాలం నాట్లప్పుడు పోదామన్నాడు, అప్పటికి దాశరథి 'యాత్రాస్మృతి' చదివేసి రావాలని కండిషన్ పెట్టాడు. పుస్తకం హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళ దగ్గర దొరికింది. ప్రస్తుతం జైలు రోజుల దగ్గర ఉన్నాను.